ఏకాకి యాత్ర – ఆవృత్త సమూహకార్యము : పల్నాటి వీరకథా దృష్టితో ఒక పరిశీలనము

వీరగాథలోని సాహసము ఒక్కని సొత్తా, పదుగురి సొత్తా అను ప్రశ్న విమర్శకులకు కొత్తది కాదు. నాయకుడు ఒంటరిగా సాగించు యాత్రయు, సమూహము ఒక్కటై నెరవేర్చు కార్యమును ఒకే కథలో ఇమిడియున్నప్పుడు రెంటిలో దేనికి ప్రాధాన్యమీయవలెను? ఒకమారు ముగిసిన కార్యమును మరల మరల చేయుటలో రసమెట్లు నిలుచును? ఈ రెండు ప్రశ్నలును నేడు మన విద్యార్థులు ఆడుచున్న అంతర్జాల పాత్రధారణ క్రీడలయందు మిక్కిలి తీవ్రముగా తలయెత్తినవి. ఆ క్రీడల నిర్మాతలు ఇరువదియైదేండ్లకు పైగా ఈ సమస్యతో పెనగులాడుచున్నారు. అదే సమస్యకు పల్నాటి వీరకథ తనదైన పరిష్కారమును ఏనాడో చూపినదని మా అభిప్రాయము. దానిని నిరూపించుటయే ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారమునకు ప్రసక్తి కల్పించినది ఈపూరు. వీరకథలను గూర్చి తెలిసికొనుటకై పల్నాటి సీమలోని ఆ యూరికి మేము పోయినప్పుడు, ఏటేట కారెంపూడి వీరుల ఉత్సవమునకు పోవు ఒక వృద్ధుని యింటి అరుగుపై కూర్చుండి మాటలాడుచుంటిమి. సెలవులకు వచ్చిన ఆయన మనుమడు లోపల కంప్యూటరు ముందర కూర్చుండి యుద్ధక్రీడ నొకదానిని ఆడుచుండెను. తాతకును మనుమనికిని జరిగిన సంభాషణము ఇట్లుండెను.

“ఏందిరా, పొద్దుగూకిన కాణ్ణించీ ఒక్కడివే ఎవరితో కొట్లాడతన్నావు?”

“ముందు ఒక్కణ్ణే ఆడాలి తాతయ్యా. అరవయ్యో మెట్టెక్కినాక నలభై మందిమి కలిసి పోతాం.”

“పోయి?”

“ఒక రాక్షసుణ్ణి చంపుతాం. వారం తిరిగేసరికి వాడు మళ్లీ లేస్తాడు. మళ్లీ పోతాం.”

“మాదీ అదే గదరా. ఏడాదేడాదీ అదే యుద్ధం.”

తాత అంతటితో నవ్వి ఊరకుండెను. మాకు మాత్రము ఆ మాట మరపునకు రాలేదు. నిజముగా రెండును ఒకటియేనా? కాకున్న భేదమెచ్చట నున్నది?

1. లక్ష్యస్వరూపము

ముందు ఈ క్రీడలను గూర్చి సంగ్రహముగా చెప్పవలసియున్నది. పెక్కుమంది ఒకే కల్పిత లోకమున ప్రవేశించి, ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రను ధరించి సంచరించు క్రీడలివి. వీనికి మూలము 1978లో ఇంగ్లండునందలి ఎసెక్స్ విశ్వవిద్యాలయమున రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అను విద్యార్థులు రూపొందించిన ‘మడ్’ అను క్రీడ. అందు చిత్రములు లేవు, అంతయు మాటలే. 1999లో వెలువడిన ఎవర్‌క్వెస్ట్ సచిత్రమై ప్రసిద్ధికెక్కినది. అందు పెక్కు పాత్రలకు సహచరులు లేనిదే ముందడుగు సాగదు. తోడు దొరకుటకై గంటలకొలది వేచియుండుటయు ఆటలో భాగమయ్యెను.

2004 నవంబరులో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఈ స్థితిని మార్చినది. ‘క్వెస్ట్’ అని వ్యవహరింపబడు పనులను గొలుసువలె కూర్చి, ఆటగాడు ఒంటరిగనే అరువదియవ మెట్టువరకు ఎక్కునట్లు చేసినది. దీనిని మేము ‘ఏకాకి యాత్ర’ అని పిలుచుచున్నాము. ఆ మెట్టు చేరినపిదప కథ యాగును. అటుపిమ్మట నలువదిమంది కలిసి ఒక గుహను ముట్టడించి, అందలి ప్రతినాయకులను సంహరించి, ఆయుధములను ఆభరణములను పంచుకొందురు. దీనికి ‘రెయిడ్’ అని పేరు. చచ్చిన ప్రతినాయకుడు మరుసటి వారము యథాపూర్వముగా నిలిచియుండును. దీనిని ‘ఆవృత్త సమూహకార్యము’ అందుము.

ఈ రెంటి నడుమ అతుకు సరిగా లేకపోయెను. ఒంటరిగా నడచుట కలవాటుపడినవాడు హఠాత్తుగా నలువదిమందిలో ఒకడు కావలసి వచ్చెను. ఆ క్రీడను ఆడువారు పదుగురి నడుమ నుండియు చాలకాలము ఒంటరిగనే ఆడుచున్నారని 2006లో నికొలా డ్యూషెనో ప్రభృతులు ఒక పరిశోధనపత్రమున చూపిరి. నిర్మాతలు 2007లో నలువదిని ఇరువదియైదుకును పదికిని తగ్గించిరి. 2009లో అపరిచితులను యంత్రమే ఏరి చిన్న జట్టులుగా కూర్చు సాధనమును కల్పించిరి. 2011లో దానినే రెయిడ్లకును విస్తరించిరి. తోడు సులభముగా దొరకెను గాని పరిచయము తొలగిపోయెను. ఒకరి పేరొకరు ఎరుగక కార్యము ముగించి విడిపోవుట రివాజయ్యెను. ఆ కాలముననే ఆటగాని ఆభరణములకు అంకె కట్టి, అంకె చాలనివానిని జట్టులో చేర్చుకొనక త్రోసివేయు ఆచారమును ప్రబలెను. తుదకు 2024లో, ఒంటరిగా పోయినను మేలైన ఫలము లభించు ‘డెల్వ్’లను ప్రవేశపెట్టిరి.

ఈ చరిత్రను చూచిన ఒక విషయము స్పష్టమగును. నిర్మాతలు సమతౌల్యమనగా ఫలముల పంపకమని గ్రహించిరి. ఒంటరికి ఇంత, గుంపునకు ఇంత అని త్రాసులో తూచిరి. ఒకప్రక్క బరువెక్కిన రెండవప్రక్క కొంత కలిపిరి. త్రాసు నేటికిని నిలువలేదు.

2. ఆలంకారికుల మతము

మన ఆలంకారికులు ఇట్టి సందర్భమున త్రాసును పట్టలేదు. ఒక ప్రబంధమున పలు రసములున్నప్పుడు ఒకటి అంగియు, తక్కినవి అంగములును కావలెనని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకమున నిర్ణయించెను. అంగమును కొంత పోషింపవచ్చును. అంగిని మించునట్లు పోషింపరాదు. సమానప్రాధాన్యమును వెదకుటకంటె ఏది దేనికొరకు అను సంబంధమును స్థిరపరచుట ముఖ్యమని దీని తాత్పర్యము.

ఆవృత్తిని గూర్చియు ఆయన హెచ్చరిక కలదు. పరిపోషము పొందిన రసమును మాటిమాటికి దీపింపజేయుట రసమునకే విరోధమగును; మాటిమాటికి తాకిన పువ్వువలె అది వాడిపోవును. మమ్మటుడు దీనినే రసదోషములలో చేర్చి కుమారసంభవమునందలి రతివిలాపమును ఉదాహరించెను. కాళిదాసునకే తప్పని దోషము వారము వారము లేచు రాక్షసునకు తప్పునా? మొదటిమారు అతడు కూలినపుడు నలువదిమందికి కలిగిన ఉత్సాహము ఇరువదియవ మారు మిగులదు. అప్పుడు వారిని అచ్చటికి రప్పించునది ఇంకను చేజిక్కని ఆభరణము. అది దొరకిన నాడు రాకపోకలు ముగియును.

ఇచ్చట ఒక శంక కలుగును. ఆవృత్తి దోషమే యైనచో కారెంపూడిలో తరతరములుగా ఒకే యుద్ధమును ఏటేట జరుపుకొనువారికి రసభంగము ఏల కలుగుటలేదు? ఈ శంకకు సమాధానము వీరకథా నిర్మాణములోనే వెదకవలెను.

3. బాలచంద్రుని త్రోవ

12వ శతాబ్ది చివర పల్నాట జరిగిన దాయాదిపోరు ఈ కథకు మూలము. గురజాలలో నలగామరాజు, మాచెర్లలో మలిదేవరాజు. వారి వెనుక నాయకురాలు నాగమ్మయు బ్రహ్మనాయుడును. కోడిపోరు, వలస, రాయబారిగా వచ్చిన అలరాజు మరణము, తుదకు కారెంపూడి రణము – ఇది కథాక్రమము. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంతముగారు 1911లో విపులమైన పీఠికతో ప్రకటించిరి. అందు ప్రధానముగా మనకు దక్కినది బాలచంద్రుని యుద్ధఘట్టము.

ఆ ఘట్టము ఏకాకి యాత్రకు చక్కని ఉదాహరణము. బాలుడు బొంగరమాడుచుండెను. బొంగరము ఒక స్త్రీ కాలికి తగిలెను. తనవారు యుద్ధమునకు పోగా నీవు బొంగరములాడుచున్నావా యని ఆమె ఎత్తిపొడిచెను. ఆ మాటతో మొదలైన యాత్ర తల్లి ఐతాంబ యొద్దకును, అచ్చటినుండి భార్య మాంచాల యొద్దకును, అచ్చటినుండి రణభూమికిని నడచినది. ప్రతి మజిలీలోను ఒక అడ్డంకి. దానిని దాటినగాని రెండవ మజిలీ లేదు. క్వెస్టుల గొలుసునకు ఇంతకంటె భేదమేమున్నది?

భేదము కలదు. క్రీడలో ఆటగాడు మెట్టుమెట్టునకు బలమును కూడబెట్టుకొనును. బాలచంద్రుడు మెట్టుమెట్టునకు ఒక్కొక్కదానిని విడిచిపెట్టును. బొంగరముతో బాల్యమును, తల్లి యింట వాత్సల్యమును, మాంచాల ముంగిట సంసారమును విడిచి, తుదకు తానొక్కడుగా మిగిలి సమూహమున కలియును. రణమున అతనిది ప్రత్యేకమైన విజయము కాదు. అరువదియారుగురు వీరులలో ఒకనిగా కూలుటయే అతని యాత్రకు గమ్యము. ఏకాకి యాత్ర ఇచ్చట అంగము, సమూహకార్యము అంగి. అయినను ఆ అంగము ఎంతగా పోషింపబడినదనగా, తెలుగు పాఠకులకు పల్నాటి కథ యనగనే బాలచంద్రుడు తోచును. అంగిని మించని పరిపోషమున కిది నిదర్శనము.

ఈ ఘట్టముననే అనపోతరాజు వృత్తాంతము వచ్చును. వేరువేరు కులములకు చెందిన బాల్యమిత్రులు తమ్ములుగా బాలచంద్రుని వెంట నడచిరి. వారిలో అనపోతరాజు బ్రాహ్మణుడు. అతడు రణమున చావకూడదని తలచి బాలచంద్రుడు ఒక నెపముతో అతనిని వెనుకకు పంపి తాను ముందునకు సాగెను. మోసమును గ్రహించిన అనపోతరాజు ప్రాణత్యాగము చేసికొనెను. కాపాడుటకై వెలివేసినను వెలి వెలియే యని కథ చెప్పుచున్నది. నాయకుడు చేసిన ఈ తప్పును కథకులు దాచలేదు. అంకె చాలదని సహచరుని త్రోసివేయు నేటి జట్టులలో ఆ తప్పు తప్పుగానే తోచదు. సమూహకార్యమును రచించువారు మొదట ఆలోచింపవలసినది, లోపలికి ఎవరు రావచ్చునన్నది.

4. కారెంపూడి ఆవృత్తి

కావ్యము ఒకమారు చదివి ముగించునది, ఉత్సవము ముగియనిది. కార్తిక బహుళ అమావాస్యనాడు మొదలై అయిదు దినములు జరుగు ఈ ఆరాధనలో మొదటిది రాచగావు, రెండవది రాయబారము, మూడవది మందపోరు, నాలుగవది కోడిపోరు, అయిదవది కల్లిపాడు. వీరాచారవంతులు దూరగ్రామములనుండి తమ తమ కొణతములను తెచ్చి నాగులేటిలో శుభ్రపరచి వీరుల గుడికి చేర్తురు. వీరవిద్యావంతులు కథలను గానము చేయుదురు. మందపోరునాడు కులభేదము లేక చాపకూడు ఆరగింతురు. కల్లిపాడునాడు వీరులు కూలిన ఘట్టముతో ఉత్సవము పరిసమాప్తమగును.

పరిశోధకులు తగినంతగా గమనింపని విశేషమొకటి ఇందున్నదని మేము తలంచుచున్నాము. ఈ అయిదు దినముల క్రమము కథాక్రమము కాదు. కథలో కోడిపోరు వలసకు కారణము. ఆలమందలపై జరిగిన పోరు వలసకాలము నాటిది. రాయబారము ఆ తరువాతిది. ఉత్సవమున రాయబారము ముందు, కోడిపోరు నాలుగవనాడు. కథ తెలియనివాడు ఈ క్రమమును చూచి కథను అల్లుకొనలేడు. అనగా కథ అందరికిని ముందే తెలిసియుండవలెనని ఉత్సవము కోరుచున్నది. ఇంటిలో తాత ఒడిలోనో, రచ్చబండ కడ గాయకుని నోటనో విని, ప్రతివాడును కథను తనంత తానుగా ఒకమారు దాటివచ్చును. కారెంపూడిలో అతడు కథను తెలిసికొనుటకు రాలేదు. తెలిసిన కథలో నిలుచుటకు వచ్చినాడు. ‘తరువాత ఏమగును’ అను కుతూహలముపై ఆధారపడనందువలన ఆవృత్తి ఆ రసమును చెరుపజాలదు.

రెండవ కారణము, ప్రతివాడును చేతితో ఒకటి తెచ్చుట. కొణతము అతని యూరిది, అతని పెద్దలది. క్రీడలో జట్టు గుహనుండి వస్తువును తీసికొని పోవును. కారెంపూడిలో జట్టు గుడికి వస్తువును తీసికొని వచ్చును. తెచ్చువాడు తగ్గిన ఆ కొణతమునకు సంబంధించిన చోటు ఖాళీయగును. అందువలన అతడు లెక్కకు నలువదియవవాడు కాడు. అతని బదులు మరియొకనిని యంత్రము ఏరి నిలుపజాలదు.

మూడవది ముఖ్యమైనది. ఈపూరి తాత ‘ఏడాదేడాదీ అదే యుద్ధం’ అన్నమాట సగము మాత్రమే సత్యము. మనుమని క్రీడలో మరల లేచువాడు శత్రువు. వాడు లేచినందున నిన్నటి విజయము చెల్లకుండపోయినది. చావునకు బరువు లేదు. కారెంపూడిలో ఏటేట తలపున లేచువారు మనవైపు మృతులు. వారు లేచునది మరల కూలుటకే. విజయమునకు ఆవృత్తి చేటు. శోకమునకును స్మరణకును ఆవృత్తియే ప్రాణము. తద్దినము ఏటేట పెట్టుటవలన విసుగు పుట్టినదని యెవరును అనరుగదా! ఆనందవర్ధనుడు నిషేధించినది ఒకే కావ్యమున విరామము లేక చేయు దీపనమును. సంవత్సరకాలపు విరామము, ఆ నడుమ గతించినవారి జ్ఞాపకము, కొత్తగా కొణతము పట్టిన చేయి – వీనివలన ప్రతి కల్లిపాడును వెనుకటిదానికంటె కొంత వేరగును.

5. పూర్వపక్షము – సమాధానము

క్రీడ వినోదార్థము, ఉత్సవము భక్త్యర్థము. ఈ రెంటిని సరిపోల్చుట అనుచితమని కొందరు అనవచ్చును. మేము పోల్చినది నిర్మాణమును గాని విశ్వాసమును గాదు. ఒంటరిని సమూహమునకు ఎట్లు చేర్చుట, ఆవృత్తికి బరువెట్లు కల్పించుట అను సమస్యలు రెంటికిని సమానములు.

ఏకాకి యాత్రను మేము తక్కువ చేయుచున్నామని మరికొందరు అనవచ్చును. అదియు నిజము కాదు. రాత్రిపూట పనికి పోవువాడు, పసిబిడ్డను చూచుకొను తల్లి మూడు గంటలు కదలక కూర్చుండి నలువదిమందితో కలియజాలరు. 1999 నాటి క్రీడలో అట్టివారికి తలుపు మూసియుండెను. 2004 నాటి క్రీడ ఆ తలుపు తెరచినది. అది మేలే. లోపలికి వచ్చినవారికి తమతోడివారిని చూపకపోవుటయే కీడు.

క్రీడలయందును ఈ సంబంధమును గ్రహించినవి లేకపోలేదు. 2013లో పునర్నిర్మితమై వెలువడిన ఫైనల్ ఫాంటసీ 14 అను జపాను క్రీడలో ఒంటరిగా నడుచు ప్రధానకథయే అక్కడక్కడ సమూహకార్యములగుండా పోవును. ఆరితేరినవారు పాత గుహలకు మరల వచ్చి కొత్తవారికి తోడుపడినచో వారికి ప్రత్యేకఫలము కలదు. అందువలన ఒకని మొదటి యాత్ర మరియొకని ఆవృత్తితో కలిసినది. ఆవృత్తికి ప్రయోజనము కొత్తవాని ముఖమున కనిపించును. 2019లో మాత్రము ఆ క్రీడయు మనుష్యులకు బదులు యంత్రచాలిత సహచరులతో కొన్ని గుహలను దాటు వీలు కల్పించినది. బిడియస్థులకు అది ఉపకారమే. కాని మొదటి యాత్రికుడు ఆరితేరినవాని కంటబడు అవకాశము ఆ మేరకు తగ్గినది.

కావున మా సిద్ధాంతమిది. సమూహకార్యము అంగి యైనచో ఏకాకి యాత్ర దాని ముంగిటికి నడపవలెను. ఒంటరిగా నడచినవాడు సమూహమునకు తనదైన ఒకదానిని తేవలెను. ఆవృత్తమగు కార్యమున గతించినదానికి విలువ మిగులవలెను. ఈ మూడును లేనిచోట ఫలములను ఎన్నిమార్లు తూచి పంచినను సమతౌల్యము సిద్ధింపదు.

6. ఉపసంహారము

ఈ విమర్శ క్రీడానిర్మాతలకు మాత్రమే తగిలిన మేము వ్రాయకుందుము. అది మాకును తగులుచున్నది. పల్నాటి కథను మేము ఏండ్ల తరబడి తరగతిలో బోధించితిమి. బోధించినది బాలచంద్ర ఘట్టము; విద్యార్థి దానిని ఒంటరిగా చదివి, ఒంటరిగా పరీక్ష వ్రాసి, మార్కులను పొంది వెడలిపోయినాడు. అంగమును అంగినుండి విడదీసి చేతికిచ్చితిమి. 1982లో వెలువడిన జీన్ రోగైర్ గ్రంథము అలిసెట్టి గాలెయ్య గానమును ఆధారము చేసికొని కథాచక్రమంతటిని ఆంగ్లమున చూపినది. అంతటి గ్రంథము చదువుచున్నప్పుడును మనము గది మూసికొని చదువువారమే. నేడు వీరగాథలను చేతిఫోనులో, చెవికి తగిలించుకొని, ఎవరి ప్రక్కను కూర్చుండక వినవచ్చును. వినువారి సంఖ్య పెరుగుట సంతోషమే. కాని గాయకునకు ఎదుట కూర్చున్నవాడు, కొణతమునకు పట్టుకొను చేయి తగ్గినచో పాఠము మిగిలియు కథ మిగులదు.

పరిశోధక విద్యార్థులకు మా మనవి ఒకటి. కార్తికమున అయిదు దినములు కారెంపూడిలో ఉండి, ఏ యూరి కొణతము ఎవరి చేతిలో వచ్చినది, నిరుడు వచ్చి ఈ ఏడు రానిది ఏది, ఏ రాత్రి ఏ కథను ఎవరు పాడిరి అని వ్రాసికొని రండు. ఈ క్రీడలను ఆడు అలవాటున్నవారు ఆ అనుభవమును దాచుకొనక దానితో పోల్చి చూడుడు. ఒంటరి నడకయు గుంపు నడకయు ఎచ్చట కలియునో వారికి మాకంటె బాగుగా తెలియును.

ఈపూరు విడుచునాడు మనుమనిని కారెంపూడి చూచితివా యని మేమడిగితిమి. చిన్ననాడు తాత భుజముపై కూర్చుండి చూచితిననియు, కథ యంతయు తెలియుననియు చెప్పెను. కథ తెలిసినవాడు కావున అతని మొదటి యాత్ర ముగిసినట్లే. తరువాతి భాగము తాతతో కూడ నడువవలసినది. మా ప్రతిపాదనలోని గుణదోషములను విజ్ఞులు విచారింతురు గాక.